మసక చేయని ఫొటో

2001 డిసెంబరులో హేమసుందర్‌కి శాలువా కప్పారు. అప్పటికతనికి ఇరవై నాలుగేళ్ళు. పుట్టింది కొల్లేటి ఒడ్డున, కైకలూరు పక్కన ఒక ఊళ్ళో. నాన్న పోలరాజు కొల్లేట్లో వలేసేవాడు. అమ్మ కొండలమ్మ ఆ చేపల్ని తట్టకెత్తుకుని కైకలూరు బజార్లో అమ్మేది. ఆ ఇంట్లోంచి బెజవాడ వచ్చి, గవర్నరుపేటలో ఒక డీటీపీ సెంటర్లో పెళ్ళికార్డులూ కరపత్రాలూ కంపోజు చేస్తూ, పని లేని గంటల్లో పుస్తకం ఎదురుగా పెట్టుకుని వెబ్‌సైట్లు తయారుచేయడం తనంతట తనే నేర్చుకున్నాడు. ఊళ్ళో ఆ పని తెలిసినవాళ్ళు అప్పటికి వేళ్ళ మీద లెక్క.

'తెప్ప' అనే సంస్థవాళ్ళు అతన్ని వెతుక్కుంటూ వచ్చింది అందుకే. పనిప్పిస్తామనో పెళ్ళి చేసుకుంటామనో నమ్మించి దూరపు నగరాలకి తీసుకుపోయి అమ్మేసిన ఆడపిల్లల్ని వెనక్కి తెచ్చుకుని, ఉండటానికి చోటిచ్చి, కోర్టులో పక్కన నిలబడి, ఏదో ఒక పని నేర్పి పంపే సంస్థ అది. ఆఫీసు మొగల్రాజపురంలో. వసతిగృహం కంకిపాడు దగ్గర, అరటితోటల మధ్య. నడిపేది రాజ్యలక్ష్మి గారు, ఒకప్పుడు కాలేజీలో పాఠాలు చెప్పిన మనిషి.

ఆఫీసు డాబా మీద షామియానా వేసి, కంప్యూటరు తెచ్చి బల్ల మీద పెట్టి, పెద్దమనిషి ఒకాయన చేత మౌసు నొక్కించి సైటు ప్రారంభించారు. అందరూ చప్పట్లు కొట్టారు. శాలువా కప్పేటప్పుడు రాజ్యలక్ష్మి గారు మైకులో, "ఈ అబ్బాయి మన పిల్లలకి ఒక కొత్త కిటికీ తెరిచాడు" అన్నారు. కొండలమ్మకి ఆ కంప్యూటరు సంగతి ఏమీ అర్థం కాలేదు గానీ, కొడుకు చేసింది పుణ్యం వచ్చే పని అన్నంతవరకు అర్థమైంది. ఆర్నెల్లపాటు చేపలు కొనేవాళ్ళందరికీ చెప్పింది.

ఆ సైటు తయారైన తీరు ఇదీ. వసతిగృహంలో పిల్లల బాగోగులు చూసే శౌరమ్మ గారు ఒకరోజు ఖాకీ కవరులో ఫొటోలు పట్టుకుని డీటీపీ సెంటరుకి వచ్చింది. నలభై దాటిన మనిషి, గుణదల నుంచి సిటీబస్సులో వచ్చేది. ఒక్కో ఫొటో వెనక పెన్సిలుతో ఆ పిల్ల అసలు పేరు, ఊరి పేరు రాసి ఉన్నాయి, ఎవరి కథకి ఎవరి బొమ్మో కలిసిపోకుండా.

"ఇవి నీకోసం రాసినవి బాబూ. బయటికి పోకూడదు. ముఖాలు ఆనవాలు పట్టేలా ఉండకూడదు. పేర్లు మార్చాలి" అంది. లేచి గుమ్మం దాకా వెళ్ళి, మళ్ళీ వెనక్కొచ్చి అదే మాట ఇంకోసారి చెప్పింది.

"నాకు తెలుసండీ" అన్నాడు హేమసుందర్, కొంచెం విసుగ్గానే.

చెప్పినట్టే చేశాడు కూడా. ఆ ఫొటోల్లో ఒకదాంట్లో, కుట్టుమిషను ముందు కూర్చుని దారం ఎక్కిస్తూ తలెత్తి నవ్వుతున్న పంతొమ్మిదేళ్ళ అమ్మాయి ఉంది. సైటులో ఆమెకి సునంద అని పేరు పెట్టారు. ఇక్కడా ఆ పేరుతోనే పిలుద్దాం. అసలు పేరు బయటపడటం వల్లే ఇదంతా జరిగింది. సునంద ముఖాన్ని అతను గళ్ళుగళ్ళుగా మసక చేశాడు. పేజీ తెరిచి చూస్తే వేలెత్తి చూపడానికేం లేదు.

తప్పు పేజీలో లేదు, దాని వెనక ఉంది. ఫొటోల్ని స్కాన్ చేసినప్పుడు తన వీలుకోసం ఒక్కోదానికీ వెనక రాసి ఉన్న పేరే, ఊరితో సహా, ఫైలు పేరుగా పెట్టుకున్నాడు. మసక చేసినవీ, చేయనివీ ఒకే ఫోల్డర్లో ఉన్నాయి. సైటుని సర్వరుకి ఎక్కించే రోజున టెలిఫోను లైను పది నిమిషాలకోసారి తెగిపోతోంది. మర్నాడే ప్రారంభోత్సవం. ఒక్కో ఫైలూ ఏరుకుంటూ కూర్చోలేక మొత్తం ఫోల్డరుని ఎక్కించేశాడు. ఎక్కించాక గమనించాడు, మసక చేయనివీ సర్వరులోకి వెళ్ళిపోయాయని. 'ఏ పేజీలోంచీ వాటికి దారి లేదు గదా, ఎవరు చూస్తారు? ఫంక్షనయ్యాక తీసేద్దాంలే' అనుకున్నాడు.

ఫంక్షనయింది. శాలువా కప్పారు. ఆ పని మరిచిపోయాడు.

ఐదేళ్ళు గడిచాయి. 2006కి హేమసుందర్ ఏలూరు రోడ్డులో సొంతంగా రెండు గదుల ఆఫీసు పెట్టాడు. స్కూలు టీచరు సత్యశ్రీని పెళ్ళి చేసుకున్నాడు. బట్టల షాపులకీ, కాలేజీలకీ, లాడ్జీలకీ సైట్లు చేస్తున్నాడు. ఆ జూన్‌లో రాజ్యలక్ష్మి గారు కబురు పెట్టారు.

"మన సైటు పెళ్ళికార్డులా ఉందంటున్నారయ్యా, చూసినవాళ్ళందరూ. మూలమూలనా పువ్వులూ, ఆ కదిలే అక్షరాలూ. మొత్తం మార్చేద్దాం" అన్నారు నవ్వుతూ.

హేమసుందర్ కూడా నవ్వాడు. అది నిజమే. అప్పట్లో అతనికి చేతనైనవి పెళ్ళికార్డులే.

పాత సైటులో ఏమేం ఉన్నాయో చూద్దామని మర్నాడు పొద్దున్నే ఆఫీసులో కూర్చుని సర్వరు తెరిచాడు. బొమ్మల ఫోల్డర్లో మసక చేయని ఫొటోలు వరసగా కనిపించాయి. ఏడు. ఒక్కోదాని మీదా ఒక పిల్ల పేరు, ఒక ఊరు. వెంటనే ఏడూ చెరిపేశాడు. తర్వాత, చేతులాగక, సెర్చ్‌లో బొమ్మలు వెతికే చోట సునంద అసలు పేరూ ఊరూ టైపు చేశాడు. మొదటి వరసలో, రెండో బొమ్మ. కుట్టుమిషను, దారం, నవ్వు. కింద 'తెప్ప' సైటు పేరు. ఏ పేజీలోంచీ దారి లేకపోయినా, సెర్చ్ ఆ ఫోల్డర్ని నేరుగా చదివేసుకుంది. సర్వరులో చెరిపేసినా ఆ చిన్న బొమ్మ అక్కడింకా ఉంది.

'ఎవరు వెతుకుతార్లే ఆ పిల్ల పేరు పనిగట్టుకుని' అని సర్దిచెప్పుకున్నాడు. దాన్ని తీయించడానికి ఎవరికి రాయాలో వాళ్ళకి రాసి ఊరుకున్నాడు.

రెండ్రోజుల తర్వాత మొగల్రాజపురం వెళ్ళాడు. ఏ పేజీ ఉంచాలి, ఏది తీసేయాలి అని రాజ్యలక్ష్మి గారు ప్రింటు తీయించిన కాగితాలు తిరగేస్తున్నారు. సునంద కథ దగ్గర ఆగారు.

"ఇది తీసెయ్. ఈ అమ్మాయి విషయంలో మనం ఓడిపోయాం."

"ఏమైందండీ?"

"మైలవరంలో ఒక ప్రైవేటు స్కూల్లో ఆయాగా పెట్టించాం. చిన్న గది అద్దెకి తీసుకుంది. పిల్లలంటే ప్రాణం పెట్టేది. ఏడాదిన్నర బ్రహ్మాండంగా ఉంది. 2003 ఆగస్టులో ఉన్నట్టుండి మానిపించేశారు. ఇంటివాళ్ళూ ఖాళీ చేయమన్నారు. ఊళ్ళో మగాళ్ళు గది ముందు తచ్చాడటం మొదలెట్టారు. నేను వెళ్ళి స్కూలు కరస్పాండెంట్‌ని అడిగాను. ఈమె సంగతి మీకెలా తెలిసిందండీ అని. 'మీ సంస్థ దగ్గర్నుంచే తెలిసింది' అన్నాడు. ఇంకేం అడుగుతాం?"

"మీ సంస్థ దగ్గర్నుంచే అంటే..."

"శౌరమ్మ. నెలనెలా ఆ పిల్లని చూడ్డానికి మైలవరం వెళ్ళేది ఆవిడొక్కతే. ఎక్కడో నోరు జారింది. పొమ్మనలేదు గానీ, పిల్లలతో సంబంధం లేని పని చూసుకోమన్నాను. ఆవిడ ఏడ్చి, నేను చెప్పలేదు మేడమ్ అని, చివరికి రాజీనామా ఇచ్చి వెళ్ళిపోయింది. పన్నెండేళ్ళు పనిచేసిన మనిషి." రాజ్యలక్ష్మి గారు కాగితాన్ని బోర్లా తిప్పి పెట్టారు. "సరే, అదలా ఉంచు. తర్వాత పేజీ చూడు."

తర్వాత పేజీలో ఏముందో హేమసుందర్‌కి కనపడలేదు.

ఆఫీసుకొచ్చి, సర్వరులో నెలనెలా తయారయ్యే పాత లెక్కలు తెరిచాడు. ఎంతమంది సైటు చూశారు, ఏ ఫైలు ఎన్నిసార్లు తెరిచారు అన్నీ అందులో ఉంటాయి. 2003 జులై దాకా ఆ ఫొటో ఊసే లేదు. ఆగస్టులో ఆ ఒక్క ఫైలు నూట పన్నెండుసార్లు తెరుచుకుంది. దారి ఎటునుంచి వచ్చిందో కూడా రాసి ఉంది: సెర్చ్‌లో ఎవరో ఆ పిల్ల పేరూ ఊరూ కొట్టారు. హేమసుందర్‌కి ఇట్టే అర్థమైంది. స్కూలుకి కొత్తగా నెట్ వచ్చి ఉంటుంది. కొత్తగా నెట్ వస్తే అందరూ చేసేదే. మన పేరు కొట్టి చూసుకుంటాం, తర్వాత మేష్టర్ల పేర్లు, గుమాస్తా పేరు, చివరికి ఆయా పేరు. అందులో పగేం ఉండదు, సరదాయే. బొమ్మ కనపడగానే ఇంకొకర్ని పిలిచి ఉంటారు. కరస్పాండెంట్ అన్న 'మీ సంస్థ దగ్గర్నుంచే' అనే మాటకి అర్థం అది.

అంతకంటే పెద్ద దెబ్బ ఇంకొకటుంది. ఆ ఆగస్టు అతనికి బాగా గుర్తు. సైటు చూసేవాళ్ళ సంఖ్య ఒక్కసారిగా పెరిగిందని మురిసిపోయి, తనే రాజ్యలక్ష్మి గారికి ఫోన్ చేశాడు. "మేడమ్, ఈ నెల మన సైటు ఎంతమంది చూశారో తెలుసా!" అని. ఆవిడ సంతోషించి కంగ్రాట్స్ చెప్పారు కూడా. ఆ పెరిగినవాళ్ళు సునంద ముఖం చూడ్డానికి వచ్చినవాళ్ళు.

మూడువారాలు ఎవరికీ చెప్పలేదు. చెప్పకపోయినా ఎవరికీ తెలిసే వీల్లేదు. ఫైళ్ళు పోయాయి, లెక్కలు చూసే తెలివి సంస్థలో ఎవరికీ లేదు. కొత్త సైటు పని మీద కూర్చునేవాడు గానీ ఏ రంగు పెట్టినా, ఏ బొమ్మ పెట్టినా మనసు ఒప్పేది కాదు. పనికుర్రాడిలా చెప్పింది చేసి ఇచ్చేద్దామా అనుకునేవాడు. పని మానేస్తానని చెప్పేద్దామా అనుకునేవాడు. అలా మానేస్తే అదింకా పిరికితనం అనిపించేది. అన్నం దగ్గర పరధ్యానంగా ఉంటున్నాడని సత్యశ్రీ నాలుగుసార్లు అడిగింది. ఐదోసారి చెప్పేశాడు.

ఆమె అన్నం గిన్నె మీద మూత పెట్టింది. తర్వాత, "ఇప్పుడు చెప్తే ఆ అమ్మాయి ఉద్యోగం తిరిగొస్తుందా ఏంటి? మీ పేరు పోవడం తప్ప" అంది. పెరుగు గిన్నె తీసుకుని వంటింట్లోకి వెళ్ళింది. గిన్నె అక్కడ పెట్టి, గుమ్మంలోకి వచ్చి నిలబడింది.

"ఆ శౌరమ్మ గారు ఇప్పుడేం చేస్తున్నారు?"

"తెలీదు."

"తెలుసుకోలేదా?"

హేమసుందర్ కంచంలో చెయ్యి కడిగేసుకున్నాడు.

మర్నాడు రాజ్యలక్ష్మి గారి ఎదురుగా కూర్చుని మొత్తం చెప్పాడు. తీసేద్దాంలే అనుకుని మరిచిపోయిన సంగతి దాచేద్దామా అని నోటిదాకా వచ్చింది. పొరపాటున వెళ్ళాయి అంటే సరిపోతుంది. కానీ అదీ చెప్పాడు. ఆగస్టు నెల లెక్కల కాగితం బల్ల మీద పెట్టాడు.

ఆవిడ కోప్పడతారని చూశాడు. ఆవిడ కళ్ళజోడు తీసి, కొంగుతో తుడిచి, మళ్ళీ పెట్టుకోకుండా చేత్తో పట్టుకునే కూర్చున్నారు.

"ఆయన 'మీ సంస్థ దగ్గర్నుంచే' అన్నప్పుడు, ఎవరు, ఎలా అని ఇంకొక్క ప్రశ్న వేసి ఉంటే చెప్పేవాడు. వెయ్యలేదు. నాకు శౌరమ్మ గుర్తొచ్చింది, నువ్వు గుర్తు రాలేదు. నీకు శాలువా కప్పాం గదా." కళ్ళజోడు పెట్టుకుని లేస్తూ అన్నారు: "నాకు చెప్పినందువల్ల ఏం లాభం లేదు. పద."

గుణదలలో, కొండ కింద సందులో శౌరమ్మ ఇల్లు. పనులకి పోయే తల్లుల పసిపిల్లల్ని పగలంతా చూసుకుంటోంది. వీళ్ళు వెళ్ళేసరికి ముందుగదిలో చీర ఉయ్యాలలో ఒక పిల్ల, చాప మీద ఇద్దరు, ఆవిడ భుజం మీద ఇంకొకడు. రాజ్యలక్ష్మి గారిని చూడగానే శౌరమ్మ ముఖం బిగుసుకుపోయింది. అయినా కుర్చీ లాగింది.

హేమసుందర్ నిలబడే చెప్పాడు. భుజం మీద పిల్లాడు అప్పుడే నిద్రలోకి జారుతున్నాడు. శౌరమ్మ వాడి వీపు తడుతూనే ఉంది. కథ సగంలో ఉండగా ఆ తట్టడం ఆగింది. పిల్లాడు కదిలాడు. మళ్ళీ తట్టడం మొదలుపెట్టింది.

"మూడేళ్ళు" అంది చివరికి, పిల్లాడు లేవకుండా గొంతు తగ్గించి. "మూడేళ్ళు ఆలోచించాను బాబూ, ఎక్కడ నోరు జారానా అని. మైలవరం బస్సులో పక్కన కూర్చున్న ఆవిడతో ఏమన్నా అన్నానా? టీ తాగే కొట్టు దగ్గర ఏమన్నా అన్నానా? అలా ఆలోచించగా ఆలోచించగా, బస్సులో అనే ఉంటాను అనుకున్నాను. ఆ బస్సావిడ ముఖం కూడా నాకు కనపడేది. ఆ పాపం నేనే చేశానని మేరీమాత గుళ్ళో ఫాదర్ గారి దగ్గర ఒప్పుకున్నాను. చేయని పాపం ఒప్పుకున్నాను చూడు!"

రాజ్యలక్ష్మి గారు "శౌరమ్మా..." అని చెయ్యి చాచారు. శౌరమ్మ ఆ చెయ్యి పట్టుకోలేదు, విదిలించుకోనూ లేదు. భుజం మీద పిల్లాణ్ణి తీసి ఆవిడ ఒళ్ళో పెట్టి, "కాస్త పట్టుకోండి, పాలు పొంగుతున్నాయి" అని లోపలికెళ్ళింది. చాలాసేపటికి గానీ బయటికి రాలేదు. వచ్చినప్పుడు కళ్ళు ఎర్రగా ఉన్నాయి.

"ఆ పిల్లకి చెప్పాలి" అంది. "నేనే చెప్పానని ఇన్నాళ్ళూ అనుకుంటోంది. అనుకుంటూ కూడా పండక్కి ఫోన్ చేస్తుంది నాకు."

సునంద అప్పటికి గుడివాడ దగ్గర ఒక టైలరు షాపులో పనిచేస్తోంది. శౌరమ్మ ఫోన్ చేసి, మొదట తను మాట్లాడింది. తర్వాత రిసీవరు హేమసుందర్‌కి ఇచ్చింది. ఆవిడ మాట్లాడుతున్నంతసేపూ ఏం చెప్పాలో అనుకున్న మాటలన్నీ పోయాయి.

"అమ్మా, నేను ఆ సైటు చేసినవాణ్ణండీ. నా వల్ల..."

"చెప్పిందండీ అమ్మ. మీరెవరో నాకు తెలీదు. తెలుసుకోవాలని కూడా లేదు" అంది అవతలి గొంతు. వెనక కుట్టుమిషన్లు తిరుగుతున్న చప్పుడు. "ఒకటి అడుగుతాను. అది పోయిందా?"

పోయిందండీ అనాలని ఎంతగానో అనిపించింది. ఒక్క మాట. అంటే ఆ పిల్ల హాయిగా ఉంటుంది, తనూ హాయిగా ఉంటాడు.

"మన సైటులోంచి తీసేశానండీ. వెతికే చోట చిన్నదిగా ఇంకా కొన్నాళ్ళు కనపడొచ్చు. దాన్నీ తీయమని రాశాను. ఎవరైనా తమ కంప్యూటర్లో దాచుకుని ఉంటే... దాన్ని నేనేం చేయలేనండీ."



"మైలవరంలో అందరూ చూశారండీ ఆ ఫొటో. పిల్లల అమ్మలు కూడా చూశారంట. నేనే చూడలేదు. ఎలా ఉందో నాకు తెలీదు."

హేమసుందర్ రిసీవరు రెండో చెవికి మార్చుకున్నాడు.

"కాగితం ఫొటో ఉంటే శౌరమ్మ గారి చేత పంపించమనండి మేడమ్ గారిని. అది నాది" అంది. పెట్టేయబోతూ, "కొత్తది కడుతున్నారంట గదా. ఎవరి ఫొటో వద్దు. ముఖం మూసినా వద్దు. మా కథలు చదివి ఎవరో అయ్యో అనుకోవడానికి కాదు గదా అది? ఎక్కడైనా ఇరుక్కున్న పిల్ల చూస్తే ఎవరికి ఫోన్ చేయాలో పైన పెద్దగా పెట్టండి. ఎవరన్నా వచ్చేస్తుంటే చప్పున మూసేసేలా ఏదన్నా ఉంటే పెట్టండి" అంది. మిషను దగ్గర ఎవరో పిలిచినట్టున్నారు. ఫోన్ పెట్టేసింది.

రాజ్యలక్ష్మి గారు ఆ వారమే పాత కవరు వెతికి, ఫొటోనీ నెగెటివ్‌నీ శౌరమ్మ చేతికిచ్చారు. మిగతా ఆరుగురు పిల్లల్లో నలుగురి ఆచూకీ దొరికింది. వాళ్ళకీ విషయం చెప్పి క్షమాపణ అడిగారు. ఇద్దరు ఎక్కడున్నారో తెలియలేదు. ఆ ఇద్దరి పేర్లతో హేమసుందర్ ఇప్పటికీ అప్పుడప్పుడు సెర్చ్ చేస్తాడు, ఏమీ రాకూడదని కోరుకుంటూ.

కొత్త సైటు అక్టోబరులో వచ్చింది. తెల్లటి పేజీ. పైన వేలెడంత అక్షరాలతో ఫోన్ నంబరు, తెలుగులో, హిందీలో, ఇంగ్లీషులో. మూలన ఒక ఎర్ర గుర్తు, నొక్కితే పేజీ మాయమై వాతావరణం వార్తలు వస్తాయి. కథల్లేవు, ముఖాల్లేవు. కమిటీలో ఒకాయన, "మనసు కదిలించేది ఒక్కటీ లేదేంటండీ దీంట్లో?" అన్నాడు. "లేదండీ" అన్నారు రాజ్యలక్ష్మి గారు. ప్రారంభోత్సవం పెట్టలేదు. పెట్టినా హేమసుందర్ వెళ్ళేవాడు కాదు.

శౌరమ్మని మళ్ళీ ఉద్యోగంలోకి రమ్మని రాజ్యలక్ష్మి గారు రెండుసార్లు ఇంటికెళ్ళి అడిగారు. ఆవిడ రానంది. పసిపిల్లల్ని వదిలి రాలేనని చెప్పింది గానీ కారణం అదొక్కటే కాదని ఇద్దరికీ తెలుసు. ఒక్కదానికి మాత్రం ఒప్పుకుంది. సైటులోకి ఏ కొత్త కాగితం ఎక్కాలన్నా ముందు తను చదవాలి. అందుకని నెలకోసారి హేమసుందర్ ప్రింటు తీసుకుని గుణదల వెళ్తాడు. చాప మీద పిల్లల్ని ఒక పక్కకి జరిపి చోటిస్తుంది. టీ ఇస్తుంది. ఒక్కసారైనా తిడుతుందేమోనని అతను ఎదురుచూస్తాడు. తిడితే కొంచెం తేలిగ్గా ఉండేదేమో. తిట్టదు. 'హేమసుందర్ గారూ' అంటుంది. మొదట్లో అన్నట్టు బాబూ అని పిలవదు.

2008 వేసవిలో ఒకరోజు అలాగే వెళ్ళాడు. వసతిగృహం గురించి ఒక పేజీ. రాయించింది, దిద్దింది, పదిసార్లు చదివింది తనే. శౌరమ్మ పెన్సిలు పట్టుకుని నెమ్మదిగా వేలు జరుపుకుంటూ చదివి, ఒక వాక్యం దగ్గర ఆగింది. కంకిపాడు సెంటర్లో కొత్తగా తెరిచిన కుట్టు దుకాణంలో మా పిల్లలు ముగ్గురు పనిచేస్తున్నారు అని ఉంది అక్కడ.

"కంకిపాడు సెంటర్లో కొత్త కుట్టు దుకాణాలు ఎన్నున్నాయండీ?" అని అడిగింది.

హేమసుందర్ ఆలోచించాడు.

"ఒకటే" అన్నాడు.

శౌరమ్మ ఆ వాక్యం మొత్తం కొట్టేసి, తర్వాతి పేరా చదవడం మొదలుపెట్టింది.